నలభై మూడో నంబరు ఈస్ట్

వెటూరియా కిరిలా ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే, వాళ్ళాయన గ్రిగోరె, "మా ఆవిడ ఈస్టుకి అన్నం పెడుతుంది" అనేవాడు. ఎగతాళికే అన్నా అందులో అబద్ధమేమీ లేదు. వ్రాంచా కొండల వాలులో, ద్రాక్షతోటల మధ్య ఉన్న ఆ పరిశోధనా కేంద్రంలో రెండు వందల పన్నెండు రకాల ఈస్టులు గాజు గొట్టాల్లో ఉండేవి. చుట్టుపక్కల వైన్ తయారీదార్లందరికీ ఏటా విత్తనం అక్కణ్ణుంచే వెళ్ళేది. నాలుగు నెలలకొకసారి ఒక్కొక్క రకాన్నీ పాత గొట్టంలోంచి తీసి, గాజు పళ్ళెంలో గడ్డకట్టించిన తిండి మీద గీతలు గీయాలి. మూడు రోజులకు ఆ గీతల వెంట ఆవగింజంతేసి చుక్కలు పుడతాయి. ఆ చుక్కల్లో మంచిదాన్ని ఒకదాన్ని ఏరి కొత్త గొట్టంలో వేయాలి. లేకపోతే తిండి అయిపోయి రకం రకమే చచ్చిపోతుంది. 1986 నుంచి ఆ పని ఆమెది.

చేరేనాటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. ఫోక్షాన్‌లో ఆహార పరిశ్రమల చదువు చదివి, బిస్కట్ల ఫ్యాక్టరీలో పని దొరుకుతుందేమోనని చూస్తూంటే, ఇంజినీరు స్తవరాకె పిలిచి ఇక్కడ కూర్చోబెట్టాడు. ఆ ఈస్టుల్ని సగానికి సగం పోగుచేసింది ఆయనే. పాత నేలమాళిగల గోడలు గోకి, పీపాల అడుగు మడ్డి తీసి, పళ్ళ తొక్కలు ఏరి, ఒక్కొక్కదానికీ నంబరు వేశాడు. కొసన చిన్న ఉంగరంలా వంచిన తీగను స్పిరిట్ దీపంలో ఎర్రగా కాల్చడం, గాలిలో చల్లార్చడం, చుక్కను తాకడం ఆమెకు నేర్పింది ఆయనే. "గుండ్రంగా, నున్నగా, ఆరోగ్యంగా ఉన్న చుక్కని తీసుకో. పెళ్ళికూతుర్ని చూసినట్టు చూడు" అన్నాడు మొదటిరోజు. ఆమె అలాగే చూసింది.

ఆ పనిలో ముప్పై అయిదేళ్ళు గడిచేసరికి ఆమె కుడి మణికట్టు వాచిపోయింది. చలికాలంలో ఆ చేత్తో రొట్టె కోయలేకపోయేది. బస్సు దిగి కొండెక్కేసరికి మోకాళ్ళు పట్టేసేవి. నిద్రపోయి లేచినా పోని అలసట అది. ఎవరికీ చెప్పుకోలేదు. ఏమని చెప్పుకుంటుంది? బరువులు మోసిన మనిషి కాదు, గనుల్లో దిగిన మనిషి కాదు. పొద్దంతా కుర్చీలో కూర్చుని తీగ ముక్కతో చుక్కలు ఏరే మనిషి అలిసిపోయానంటే నవ్వరూ! కాన్పుకి వెళ్ళినప్పుడు రెండు నెలలు ఇంకొకరు చూసుకుంటే ఆరు రకాలు చచ్చిపోయాయి. అప్పట్నుంచీ ఆమె సెలవు పెట్టాలన్నా గొట్టాల తేదీలు చూసుకునే పెట్టేది.

రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం అంఘెల్ ప్రిసెకారు సరాసరి ఆమె గదిలోకి వచ్చాడు. పదికిలోమీటర్ల దూరంలో వాళ్ళ కుటుంబానికి నురగ వైన్ చేసే నేలమాళిగ ఉంది. ఆమె ఈడువాడే. ముప్పై ఏళ్ళుగా నలభై మూడో నంబరు తప్ప ఇంకో ఈస్ట్ ముట్టనివాడు. కోటు జేబులోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"చూడు."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని సీసాని కిటికీకి ఎదురుగా పట్టుకుంది. లోపల వైన్ పొద్దుటి మంచులా మసకగా ఉంది.

"కదిపావా?"

"కదిపితే అయిదు నిమిషాల్లో అడుక్కి పడాలి గదమ్మా నీ నలభై మూడు? నిన్న పొద్దున్న కదిపాను. ఇవాళ్టిక్కూడా పడలేదు. మూతి దగ్గరికి జారదు, అడుక్కి దిగదు. గోడకి అంటుకుని కూర్చుంటోంది, అత్తారింటికొచ్చిన అల్లుడిలాగా."

నురగ వైన్ వాళ్ళకి ఆ గుణమే ప్రాణం. సీసాలోనే రెండోసారి పులియబెడతారు. పులిసిన తరువాత సీసాల్ని మూతి కిందకి వంచి రోజూ కాస్త కాస్త తిప్పుతూంటే ఈస్ట్ మడ్డంతా మూతి దగ్గరికి చేరాలి. అప్పుడు మూత తీసి దాన్ని చిమ్మేస్తే పైనున్న వైన్ అద్దంలా తేటగా ఉంటుంది. నలభై మూడో నంబరుకి ఆ జిల్లాలో పేరు అందుకే వచ్చింది. అది సీసాలో బొంబాయి రవ్వలా గింజ కట్టి ధబ్బున కిందకి పడేది. కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపు కట్టడం వల్ల అలా పడుతుందని స్తవరాకె చెప్పేవాడు.

"ఎన్ని సీసాలు ఇలా ఉన్నాయి?" అంది వెటూరియా.

"ఆరు వేలు. అంటే అన్నీ." అంఘెల్ కుర్చీలో కూలబడ్డాడు. "నాలుగేళ్ళుగా కొంచెం కొంచెం బద్ధకిస్తూనే ఉంది. నీ మీద నమ్మకంతో చలి తప్పనుకున్నాను, ద్రాక్ష తప్పనుకున్నాను, నా చేతులు ముసలివైపోయాయనుకున్నాను. ఇది నలభై మూడు కాదు వెటూరియా. నువ్వు నాకేం ఇచ్చావ్?"

ఆమె సీసాని బల్ల మీద పెట్టింది. ఆ ప్రశ్నకోసం ఆమె ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎదురుచూస్తోంది.

అసలు సంగతి తేల్చే పనిని డైరెక్టర్ ఒప్రిషాన్ ఇలింకా సావుకి అప్పగించాడు. ఇలింకా జన్యువుల మీద పీహెచ్‌డీ చేసి వచ్చి రెండేళ్ళయింది. ముప్పై మూడేళ్ళ పిల్ల, మాట వేగం, నడక వేగం, అందరికంటే ముందొచ్చి అందరికంటే వెనక వెళ్ళేది. కేంద్రంలో వెటూరియాని 'టాంటీ', అంటే పిన్నీ, అని ఆప్యాయంగా పిలిచేది ఆమె ఒక్కతే.

"టాంటీ, పాత నలభై మూడు ఎక్కడైనా మిగిలిందా? మీరు రాకముందుది?"

వెనక బీరువాలో ఉంది. స్తవరాకె కాలంలో ఈస్టుని ఎండబెట్టే యంత్రమొకటి ఉండేది. 1979లో కొన్ని రకాల్ని పొడిచేసి, గాలి పోనివ్వకుండా చిటికెనవేలంత గాజు బుడ్లలో మూసి పెట్టాడు. ఆ యంత్రం పాడయ్యాక ఎవరూ బాగుచేయించలేదు. నలభై మూడువి నాలుగు బుడ్లు మిగిలాయి. వెటూరియా ఒకదాని మెడ విరిచి, లోపలి పసుపు పొడిని చక్కెరనీళ్ళలో తడిపి, వెచ్చటి పెట్టెలో పెట్టింది. మొదటి బుడ్డిలో అంతా చచ్చిపోయి ఉంది. రెండోదీ అంతే. మూడోది ఆరు రోజులు ఉలకలేదు పలకలేదు. ఏడో రోజు పొద్దున్న గొట్టం అడుగున నాలుగైదు తెల్లటి గింజలు కనిపించాయి. ఆమె గొట్టాన్ని ఊపింది. గింజలు పైకి లేచి, వెంటనే మళ్ళీ అడుక్కి దిగిపోయాయి.

అంఘెల్ అన్నది నిజమని ఆమెకి అప్పుడే అర్థమైపోయింది. ఇన్నేళ్ళుగా తను పంచిపెడుతున్నది ఇలా పడేది కాదు. ఎప్పుడు మానేసిందో గుర్తుతెచ్చుకోబోయింది గాని, రోజూ చూసే మనిషి ముసలివాడవుతుంటే కనిపించనట్టే, అదీ కనిపించలేదు.

ఇలింకా రెండింటి క్రోమోజోముల్నీ పక్కపక్కన పరీక్షపెట్టింది. ఈస్టు కణంలో పదహారు క్రోమోజోములుంటాయి. కరెంటు పెట్టి ఒక పలక మీద నడిపిస్తే చిన్నవి ముందుకి, పెద్దవి వెనక్కి, నిచ్చెన మెట్లలా నిలబడతాయి. పాత నలభై మూడుకీ ఇప్పటి నలభై మూడుకీ మూడు మెట్లు కలవలేదు.

ఒప్రిషాన్ ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వేరే ఈస్ట్ అన్నమాట."

"తేడా ఉందని మాత్రమే తెలుస్తోంది సార్" అంది ఇలింకా.

"తేడా ఉంటే వేరేదేగా! గొట్టాలు తారుమారయ్యాయి. ఆవిడని సంజాయిషీ రాయమను. ఈలోగా గొట్టాలు ముట్టొద్దని చెప్పు."

ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయే వేళకి వెటూరియా తెల్ల కాగితం ముందు కూర్చుంది. ఇలింకా బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో ఆగింది.

"ఏదో నాలుగు ముక్కలు రాసిచ్చెయ్యండి టాంటీ. ఎలా జరిగిందో తెలీదని రాయండి."

"తెలుసమ్మాయ్."

ఇలింకా బ్యాగు దించింది.

"తొంభైలో, మే నెలాఖరున, భూకంపం వచ్చింది. నువ్వప్పటికి రెండేళ్ళ పిల్లవి. మధ్యాహ్నం, సరిగ్గా భోజనాల వేళ. ఆ అలమార మొత్తం ముందుకి ఒరిగింది. గొట్టాలు నేలమీద దొర్లాయి. పగిలినవి తక్కువే. కుండీలో నీళ్ళు చిమ్మి నేలంతా తడిసింది. ఆ రోజుల్లో కాగితాలు పిండి జిగురుతో అంటించేవాళ్ళం. రెండు గొట్టాల కాగితాలు ఊడిపోయి పక్కన పడ్డాయి. ఒకటి నలభై మూడు, ఇంకోటి అరవై ఒకటి."

"మరి?"

"మరేముంది, వాసన చూశాను. వెలుతురులో పట్టుకుని చూశాను. ఇది నలభై మూడు అనిపించినదానికి నలభై మూడు అంటించాను. బయట జనం అరుస్తున్నారు. స్తవరాకె గారు ఆస్పత్రిలో ఉన్నారు. ఆయన వచ్చాక చెబుదామనుకున్నాను. ఆయన రాలేదు. తరువాత చెప్పడానికి ధైర్యం చాలలేదు."

వెటూరియా కాగితం మీద అదంతా రాసి, సంతకం చేసి, మడిచి ఇచ్చేసింది. బస్సులో కిటికీకి తల ఆనించుకుని కళ్ళు మూసుకుంటే, వస్తుందనుకున్న దుఃఖం రాలేదు. ఒళ్ళంతా బరువుగా ఉంది, అంతే.

ఇంటికెళ్ళాక గ్రిగోరె ముందు చారు పెట్టి సంగతి చెప్పింది. అతను రైల్వేలో చేసి రిటైరైన మనిషి. చెంచా ఆపి ఆమెనే చూశాడు.

"ముప్పై ఏళ్ళు నా పక్కన పడుకుని నాకు కూడా చెప్పలేదంటే! ఏమే, నేనేమన్నా పోలీసునా?"

"చెబితే నువ్వేం చేసేవాడివి?"

గ్రిగోరె చారులో రొట్టె ముంచాడు. "ఏం చేస్తాను. 'పోనీలే' అనేవాణ్ణి."

"అందుకే చెప్పలేదు."

ఏడు వారాలు ఆమె గాజుసామాను కడిగింది. డైరెక్టర్ ఆ పని మాత్రమే ఇచ్చాడు. గొట్టాలు మార్చే పని ఇలింకా మీద పడింది. ఒకే గదిలో, ఈ చివర తొట్టి దగ్గర ఒకరు, ఆ చివర దీపం దగ్గర ఒకరు. మొదటి రోజే ఇలింకా తీగ కింద పడేసి మణికట్టు పట్టుకుంది.

"ఇరవైకే నా చెయ్యి పోయింది టాంటీ! మీరు ఇన్నేళ్ళు ఎలా చేశారు?"

"రోజుకి ఇరవై కాదు, ముప్పై."

"ఈ చుక్క ఒకటి తీగకి రానంటోంది. చూడండి, బరకగా, ఎగిరి పక్కకి పోతోంది."

"అది వదిలెయ్. నున్నగా, తడిగా మెరుస్తున్నది ఉంటుంది, అది తీసుకో. బరకవాటితో పెట్టుకుంటే సాయంత్రానికి పని తెమలదు" అంది వెటూరియా, సీసా కడుగుతూ వెనక్కి తిరక్కుండానే.

ఇలింకా అలాగే చేసింది. పని ముందుకు సాగింది. అయితే ఆ పిల్లకి ఒక విషయం మింగుడు పడలేదు. అరవై ఒకటో నంబరు పాత బుడ్డి కూడా బీరువాలో ఉంటే, దాన్ని బతికించి పరీక్షపెట్టింది. ఇప్పటి 'నలభై మూడు' దానితోనూ కలవలేదు. పట్టుపట్టి అలమారలోని మరో యాభై రకాలతో పోల్చింది. దేనితోనూ కలవలేదు.

"తారుమారైతే ఎవరితోనో ఒకరితో కలవాలి గదా టాంటీ? ఇదేంటి, దిక్కూమొక్కూ లేనిది?"

"కొండ మీద గాలిలో లక్ష ఈస్టులుంటాయి. ఏదో పడి ఉంటుంది."

"మీరు పడనిస్తారా?"

వెటూరియా ఇంకో సీసా తీసి కడగసాగింది. పడనివ్వనని ఆమెకి తెలుసు. తప్పు ఒప్పేసుకున్నాక మళ్ళీ దాన్ని తవ్వడం ఆమెకి భారంగా ఉంది. ఊరుకో అమ్మాయ్, అందామనుకుంది. ఇలింకా ఊరుకునే రకం కాదు. పాత నలభై మూడునీ కొత్త నలభై మూడునీ రాజధానిలో ఒక ప్రయోగశాలకి పంపింది. డీఎన్ఏని చాంతాడంత పొడుగు ముక్కలుగా, తెగకుండా చదివే యంత్రం అక్కడుంది.

మే నెలలో ఫలితం వచ్చింది. ఇలింకా ఆ కాగితాలు పట్టుకుని తొట్టి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. వెటూరియా చేతులు మోచేతుల దాకా నురగలో ఉన్నాయి.

"రెండూ ఒకటే టాంటీ! ఒకటే ఈస్ట్! మీరు కాగితం సరిగ్గానే అంటించారు!"

వెటూరియా కుళాయి కట్టేసింది. "మళ్ళీ చెప్పు."

"పదహారు క్రోమోజోములూ మధ్యలో అంతా ఒకటే, అక్కడక్కడ ఒక్కో అక్షరం తప్ప. తేడా మొత్తం కొసల్లో ఉంది. క్రోమోజోము కొసల దగ్గర ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ రాసి ఉంటుంది. అక్కడ కణం కాపీ తీసుకునేటప్పుడు ఎక్కడున్నానో మర్చిపోయి జారిపోతుంది. మీరు అల్లుతూ కుట్లు లెక్క తప్పినట్టు. కొన్ని తగ్గుతాయి, కొన్ని పెరుగుతాయి. ఒక్కోసారి ఒక క్రోమోజోము కొస పోయి ఇంకోదాని కొస వచ్చి అతుక్కుంటుంది. ఇక్కడ మూడు చోట్ల అదే అయింది. అందుకే మెట్లు కలవలేదు. మామూలు పద్ధతిలో చిన్న ముక్కలుగా చదివితే, అన్నీ ఒకేలా ఉంటాయి గదా, ఏది ఎక్కడిదో తెలిసేదే కాదు."

"మరి అడుక్కి పడకపోవడం?"

"అదీ అక్కడే ఉంది! కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే చెయ్యిని తయారుచేసే జన్యువు కొస పక్కనే ఉంటుంది. దాని లోపల కూడా ఒకే ముక్క వరసగా ఉంటుంది. పాతదాంట్లో పంతొమ్మిది సార్లు. మనదాంట్లో ఏడు. ముక్కలు తగ్గితే చెయ్యి పొట్టిదవుతుంది, పట్టు జారిపోతుంది. ఎవరి తప్పూ లేదు టాంటీ. ప్రకృతి!"

ముప్పై ఒక్క ఏళ్ళ బరువు దిగిపోయిందని ఇలింకా అనుకుంది. వెటూరియా కూడా అలాగే అనుకోవాలనుకుంది. కూర్చుంది, తడి చేతులు ఒళ్ళో పెట్టుకుంది, ఆ పిల్ల తెచ్చిన కాఫీ తాగింది.

మర్నాడు గొట్టాలు మళ్ళీ ఆమె చేతికొచ్చాయి. బతికించిన పాత నలభై మూడుని పళ్ళెం మీద గీసింది. మూడు రోజులకి చుక్కలు లేచాయి. తొంభై పాళ్ళు బరకగా, ముడతలు ముడతలుగా ఉన్నాయి. మధ్యలో అక్కడొకటి, ఇక్కడొకటి నున్నగా మెరుస్తున్నాయి. ఆమె తీగ కాల్చి, చల్లార్చి, చెయ్యి చాపింది. చెయ్యి నున్నటిదాని మీదకే వెళ్ళింది.

తీగ గాల్లోనే ఆగిపోయింది.

తరువాత దీపం ఆర్పి ఇలింకా గదికి వెళ్ళింది.

"ప్రకృతి కాదమ్మాయ్. నేనే."

"ఏంటి టాంటీ?"

"జారిపోవడం ప్రకృతిదే అనుకో. ప్రతిసారీ పళ్ళెంలో కొన్ని పొట్టిచేతులవి పుడుతుంటాయి. వాటిని ఏరింది మాత్రం నేను. బరకవి తీగకి రావు. గొట్టంలో గీస్తే సమంగా పరుచుకోవు, ముద్దగా ఒకచోటే కూర్చుంటాయి. నున్నటిది ఒక్క తాకుకి వస్తుంది. ఉదయం పూట ఓపికున్నప్పుడు ఎలా చేశానో తెలీదు గాని, ఇంకా పది గొట్టాలు ఉన్నాయి, బస్సు టైమవుతోంది, చెయ్యి లాగుతోంది అన్నప్పుడు మాత్రం నున్నటిదే తీశాను. ఏడాదికి మూడుసార్లు. ముప్పై అయిదేళ్ళు. నీకు కూడా అదే చెప్పాను, గుర్తుందా?"

ఇలింకాకి గుర్తొచ్చింది. ఆమె ముఖం మొదట ఎర్రబడింది, తరువాత వెలిగింది. "వంద సార్లకి పైగా ఒకే వైపు ఏరడం! టాంటీ, ఇది రాయాలి. ఎవరూ ఇలా కావాలని చెయ్యలేరు. అంతకాలం ఎవరికి ఓపికుంటుంది?"

"ఓపిక లేకే చేశానే తల్లీ" అంది వెటూరియా.

ఆమె రెండో సంజాయిషీ రాసి డైరెక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఒప్రిషాన్ చదివి, కళ్ళజోడు తీసి, ముక్కు నులుముకున్నాడు.

"వెటూరియా గారూ, ఎందుకిదంతా? సహజ మార్పు అని నివేదిక వెళ్ళిపోయింది. మీకు మచ్చ లేదు, నాకు తలనొప్పి లేదు. ఏడాదిన్నరలో రిటైరవుతారు."

"మొదటిదాంట్లో చెయ్యని తప్పు రాశాను సార్. చేసింది కూడా ఒకచోట ఉండాలి కదా."

"ఇది తప్పు కాదు. పద్ధతి. మీకు అలాగే నేర్పారు."

"అలాగే రాయండి అయితే."

అతను రాయలేదు. ఆ కాగితాన్ని దస్త్రంలో మొదటిదాని కింద పెట్టాడు. వెటూరియాకి వాదించే ఓపిక లేదు. ఉన్నచోట ఉంటుందిలే అనుకుని బయటికి వచ్చింది.

అంఘెల్‌కి ఫోన్‌లో చెప్పడం ఆమెకి మనస్కరించలేదు. శనివారం బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచి వాళ్ళ నేలమాళిగకి వెళ్ళింది. అతను చెక్క ఏటవాలు బల్లల ముందు నిలబడి సీసాలు తిప్పుతున్నాడు. ఆ పాడైపోయిన ఆరు వేలే. రెండు చేతులా రెండు సీసాలు, ఒక కుదుపు, పావు తిప్పు, పక్కకి.

"ఇంకా తిప్పుతున్నావా?"

"మానేస్తే ఏం చెయ్యాలో తోచదు. కొన్ని దిగుతాయేమో. మిగిలినవి సారా బట్టీకి పంపిస్తాను." ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "కూర్చో. నడిచొచ్చినట్టున్నావ్, ముఖం వేలాడుతోంది."

ఆమె పెట్టె మీద కూర్చుని మొదట్నుంచీ చెప్పింది. భూకంపం, ఊడిన కాగితాలు, కొసలు, చుక్కలు, తన చెయ్యి. అంఘెల్ సీసాలు తిప్పుతూనే విన్నాడు. బల్ల చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"అంటే నా వైన్‌ని నీ బద్ధకం తాగేసిందన్నమాట."

"బద్ధకం అనకు. ఏమైనా అను గాని అది అనకు." ఆమె గొంతు మొదటిసారి లేచింది. "ఒక్కరోజు ఎగ్గొట్టలేదు నేను. జ్వరంలో వెళ్ళాను. మా అమ్మ పోయిన మూడో రోజు వెళ్ళాను."

అంఘెల్ చేతులు ఆగాయి. గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"సరే. అనను." అరచేతులు చూసుకున్నాడు. "నాకు మాత్రం తెలీదా? రోజుకి నాలుగు వేల సీసాలు తిప్పుతాను. చివరి వెయ్యి సరిగ్గా తిప్పానో లేదో ఆ దేవుడికే తెలుసు. నీ ఈస్టుని తిడుతూ వచ్చాను గాని, నా చేతుల మీద నాకే అనుమానం. కోపం పోయిందని చెప్పను వెటూరియా. ఆరు వేలు. మా పిల్లలకి ఇంకా చెప్పలేదు."

"పోవాలని అడగట్లేదు."

ఆమె సంచిలోంచి గుడ్డలో చుట్టిన గొట్టం తీసి ఇచ్చింది. పాత బుడ్డిలోంచి బతికించినది. ఈసారి బరక చుక్కలే ఏరి, ఒక్కొక్కదానితో పావుగంట కుస్తీపట్టి పెంచింది. అంఘెల్ దాన్ని దీపం దగ్గర ఊపి చూశాడు. గింజలు లేచి, దిగాయి. గొట్టాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. వాళ్ళావిడని కేకేసి మమలిగ అనే మొక్కజొన్న సంకటి, జున్ను పెట్టమన్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ద్రాక్షకి వడగళ్ళు పడడం గురించి మాట్లాడుకుంటూ తిన్నారు.

ఆ పైయేడు వసంతంలో అతను ఫోన్ చేసి, "పడింది" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. చిన్న మొత్తమే వేశాడట, మూడు వందల సీసాలు.

కాని ఆ మాట వినేసరికి వెటూరియాకి సంతోషపడే తీరిక లేకపోయింది. నలభై మూడు ఒక్కటేనా ఆమె చేతికింద నడిచింది? మిగిలిన రెండు వందల పదకొండూ నడిచాయి. వాటిల్లో ఏమేం రాలిపోయాయో, ఏవి తీపి మర్చిపోయాయో, ఏవి వాసన మార్చుకున్నాయో ఎవరికి తెలుసు? ఇలింకాతో కలిసి బీరువా మొత్తం దించింది. పాత బుడ్లున్న రకాలు ముప్పై ఎనిమిదే తేలాయి. అందులో పదిహేడు బతికాయి. మిగతావాటికి పోల్చుకోవడానికి ఏమీ లేదు. అవి ఒకప్పుడు ఎలా ఉండేవో చెప్పగలిగింది ఆమె ఒక్కతే, ముక్కుతోనూ జ్ఞాపకంతోనూ. ఇలింకా రోజూ రెండు గంటలు ఆమె పక్కన కూర్చుని రాసుకునేది.

"తొమ్మిదో నంబరు?"

"తడిసిన ఉన్ని వాసన. ఇప్పుడు ఉందో లేదో గాని తొంభై అయిదు దాకా ఉండేది."

"నూట నాలుగు?"

"దాన్ని నేనెప్పుడూ ఇష్టపడలేదు. రాయకు అది. సరే, రాయి. దానికేం తెలుసు పాపం. కుళ్ళిన ఆపిల్."

ఆ వేసవిలోనే కేంద్రానికి సున్నాకి ఎనభై డిగ్రీలు కింద ఉండే ఫ్రీజరు వచ్చింది. ఒక్కసారి గడ్డకట్టించి పెడితే ఈస్టులు పెరగవు, మారవు, వాటిని ఎవరూ ఏరక్కర్లేదు. రెండు వందల పన్నెండింటినీ అందులో సర్దడానికి వాళ్ళిద్దరికీ పదకొండు రోజులు పట్టింది. చివరి పెట్టె పెట్టి తలుపు మూశాక ఇలింకా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. వెటూరియాకి ఏమీ అనిపించలేదు. చేతికి తొడుగులున్నా వేళ్ళు కొంకర్లుపోతున్నాయి, టీ కావాలనిపించింది.

సెప్టెంబరులో రిటైరైంది. వీడ్కోలుకి ఒప్రిషాన్ మాట్లాడాడు, పువ్వులిచ్చారు, అంఘెల్ రాలేదు గాని సీసా ఒకటి పంపాడు. ఇలింకా పేపరు అచ్చయిందని శీతాకాలంలో కబురొచ్చింది. అందులో ఆమె పేరు ఇలింకా పేరు పక్కనే ఉందట. గ్రిగోరె దాన్ని ప్రింటు తీయించుకొచ్చి వంటింట్లో పెట్టాడు. ఒక్క ముక్క అర్థంకాకపోయినా వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

ఈ ఏడు పెరట్లో పందిరి ద్రాక్ష బాగా కాసింది. గ్రిగోరె తొక్కి పీపాలో పోశాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమే, ఇలింకాని అడిగి మంచి ఈస్టు ఏదన్నా తెప్పించు. ఏది వేద్దాం?"

"ఏమీ వెయ్యకు."

"పులవకపోతే?"

"పులుస్తుంది. తొక్కల మీద ఉన్నదేదో అదే చూసుకుంటుంది. మూత గట్టిగా బిగించకు."

గ్రిగోరె గొణుక్కుంటూ వెళ్ళి పీపా మీద గుడ్డ కప్పాడు. వెటూరియా చెప్పులు విడిచి, వాచిన చేతిని దిండు మీద ఎత్తుగా పెట్టుకుని, పట్టపగలే నడుం వాల్చింది.